48 గూళ్ల రెడీమేడ్ గ్రానైట్ కొలంబేరియం: కొనబోయే కమిటీ కోసం ఒక సమీక్ష

దహనం తర్వాత మిగిలిన అస్థికలను పాత్రలో పెట్టి, ఆ పాత్రను రాతి గూట్లో ఉంచి, గూటి ముందు పలక బిగించి, పలక మీద పేరు చెక్కుతారు. అలాంటి గూళ్ల వరుసలున్న కట్టడమే కొలంబేరియం. అమెరికాలో దహనాల వాటా 2016 ప్రాంతంలో సగం దాటింది. ఇప్పుడది 60 శాతం పైనే. కేథలిక్ చర్చి 1963లోనే దహనానికి అనుమతి ఇచ్చింది. 2016లో వాటికన్ మరో మాట చెప్పింది: అస్థికలను ఇంట్లో ఉంచుకోవడం, గాలిలోనో నీళ్లలోనో కలపడం కూడదు, పవిత్ర స్థలంలో ఉంచాలి. దాంతో చిన్న చర్చికి కూడా పెరట్లో ఒక కొలంబేరియం అవసరమైంది. అలాంటి చోట్ల తరచూ కనిపించే సైజుల్లో ఒకటి 48 గూళ్లది: ఒక్కో వైపు నాలుగు వరుసలు, వరుసకు ఆరు గూళ్లు, రెండు ముఖాలు.

ఈ సమీక్ష రెండు రకాల తెలుగువాళ్లకు పనికొస్తుంది. మొదటివాళ్లు అమెరికాలో చర్చి కమిటీల్లోనో శ్మశానం బోర్డుల్లోనో ఉండి కొటేషన్లు చూస్తున్నవాళ్లు. రెండోవాళ్లు ఒంగోలు, ఖమ్మం, కరీంనగర్, కుప్పం వైపు రాయి కోసి పంపేవాళ్లు. ఏ ఒక్క కంపెనీ సరుకునో ఇక్కడ తూచడం లేదు. మార్కెట్లో మూడు రకాల కట్టుబడి దొరుకుతుంది, ఆ రకాలకే ఈ మార్కులు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. 48 గూళ్ల సైజులో పూర్తి గ్రానైట్ కట్టుబడి కొనవచ్చు, డబ్బుకు తగిన సరుకే. అయితే కేటలాగు ఫొటోలో కంటికి కొట్టొచ్చేది ముఖం మీది పాలిష్, ఈ కట్టడాలు చెడిపోయేది మాత్రం పాలిష్ వల్ల కాదు. నీళ్లు పైరాయి అతుకులోంచి దిగుతాయి, తలుపు బిగింపులు వదులవుతాయి, కింద నేల కదులుతుంది. కొటేషన్‌లో ఈ మూడింటి గురించి ఎన్ని వాక్యాలున్నాయో లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోతే ఆ కాగితం పక్కన పెట్టేయవచ్చు.

మూడు రకాల కట్టుబడి

మొదటిది పూర్తి గ్రానైట్. నిలువు పలకలు, అడ్డ పలకలు, నడిమి గోడ, గూటి ముందు పలకలు (షట్టర్లు), పీఠం, పైరాయి అన్నీ రాయే. రెండోది కాంక్రీట్ పెట్టె మీద గ్రానైట్ తొడుగు. మూడోది అల్యూమినియం గూళ్ల చట్రానికి గ్రానైట్ షట్టర్లు బిగించినది.

కాంక్రీట్ రకం 48 గూళ్లకు దండగ. స్థలం మీదే కట్టే 200, 300 గూళ్ల గోడలకైతే సరిపోతుంది. చిన్న యూనిట్‌లో బరువు పెరుగుతుంది, గూటి లోపలి సైజు తగ్గుతుంది. పైగా కాంక్రీట్‌లోని ఉప్పు తడితో కలిసి బయటికొచ్చి నల్లరాతి అతుకుల దగ్గర తెల్లటి పొరలా పేరుకుంటుంది. దాన్ని తుడిస్తే పోతుంది, వాన పడితే మళ్లీ వస్తుంది.

అల్యూమినియం రకానికి గట్టి గుణాలే ఉన్నాయి. తేలిక, గూళ్లన్నీ ఒకే కొలతలో ఉంటాయి, షట్టర్ మార్చడం సులువు. లోపం వేడి దగ్గర బయటపడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నానికీ చలికాలం రాత్రికీ 50 డిగ్రీల సెల్సియస్ తేడా ఉందనుకోండి. 86 అంగుళాల పొడవున గ్రానైట్ సుమారు 0.9 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం 2.5 మిల్లీమీటర్లు సాగుతుంది. ఈ తేడాను మింగే సందు డిజైన్‌లో లేకపోతే గ్యాస్కెట్ నలుగుతుంది, లేదా రాతి మూల చిట్లుతుంది. చట్రానికీ షట్టర్‌కీ మధ్య జారే బిగింపు ఉందా అని అడగండి. "అన్నీ గట్టిగా టైట్ చేస్తాం" అని జవాబొస్తే కొనకండి. సముద్రం దగ్గరి ఊళ్లలో స్టీలు బోల్టు నేరుగా అల్యూమినియాన్ని తాకితే ఉప్పుగాలికి అల్యూమినియం తుప్పుపట్టి తినేసుకుపోతుంది, మధ్యలో నైలాన్ వాషరు ఉండాలి.

పూర్తి గ్రానైట్‌లో అంతా ఒకే పదార్థం కాబట్టి అంతా ఒకేలా సాగుతుంది. అందుకే ఈ సైజుకు మా ఓటు దానికి. ఇక మిగతా సమీక్షంతా దాని గురించే.

కొలతలు, బరువు

కాగితం మీద "12 అంగుళాల గూడు" అని రాస్తారు. అది రాతి మధ్య నుంచి రాతి మధ్య వరకూ తీసిన కొలతా, లోపలి ఖాళీ కొలతా అన్నది తేల్చుకోవాలి. పెద్దవాళ్ల అస్థికల పాత్ర ఘనపరిమాణం మామూలుగా 200 ఘనపు అంగుళాలు. గుండ్రటి పాత్ర అడ్డుకొలత 6 నుంచి 7 అంగుళాలు. భార్యాభర్తలిద్దరి పాత్రలు ఒకే గూట్లో పెట్టడం ఇక్కడ మామూలే. 12 అంగుళాల గూట్లో 7 అంగుళాల పాత్రలు రెండు పక్కపక్కన పట్టవు. మూల నుంచి మూలకు ఏటవాలుగా పెడితే సరిగ్గా 7 అంగుళాల పాత్రలు రెండు పడతాయి, అంతకు మించి వెంట్రుకవాసి కూడా మిగలదు. తలుపు బిగింపు ముక్క లోపలికి ముప్పావు అంగుళం చొచ్చుకొస్తే ఆ 7 కాస్తా 6.8 అయిపోతుంది. వెడల్పూ లోతూ రెండూ 11¼ అంగుళాలే అయితే 6.6 దాటిన పాత్రలు రెండు పట్టవు. రెండో అంత్యక్రియ రోజున, కుటుంబం ముందు నిలబడి ఈ సంగతి కనిపెట్టడం కన్నా డ్రాయింగ్‌లోనే "తలుపు బిగించాక లోపలి ఖాళీ 12 × 12 × 12" అని రాయించుకోవడం మేలు. క్రెమటోరియం ఇచ్చే ప్లాస్టిక్ డబ్బాలు పలకగా, చిన్నగా ఉంటాయి కాబట్టి వాటితో ఈ చిక్కు రాదు.

లోపలి పలకల మందం మీద బేరం ఆడకండి. 2 అంగుళాల మందం అడిగితే కొందరు ముప్పావు అంగుళంతో సరిపెడదామంటారు. బరువు మోయడానికి ముప్పావు చాలు, నిజమే. కానీ షట్టర్‌ను పట్టుకునే బోల్టు ఆ పలక అంచులోకే దిగుతుంది. ముప్పావు అంగుళం అంచులో పావు అంగుళం రంధ్రం వేస్తే రెండు పక్కలా మిగిలేది పావు, పావు. బిగించేటప్పుడో, నాలుగైదు చలికాలాల తర్వాతో ఆ అంచు పెచ్చులూడుతుంది.

2 అంగుళాల పలకలతో లెక్క వేస్తే గూటికి 14 అంగుళాలు పడుతుంది. వెడల్పు 86 అంగుళాలు, గూళ్ల భాగం ఎత్తు 58. పీఠం 8 అంగుళాలు, పైరాయి 6 అంగుళాలు అనుకుంటే మొత్తం రాయి సుమారు 60 ఘనపుటడుగులు. బూడిదరంగు గ్రానైట్ ఘనపుటడుగుకు 170 పౌండ్లు తూగుతుంది, అంటే మొత్తం 10,200 పౌండ్లు. నల్లరాయి ఇంకా బరువు, 185 దాకా ఉంటుంది, దాంతో 11,000 దాటుతుంది. సరఫరాదారు ఇదే సైజుకు 6,000 పౌండ్లని రాశాడంటే ఎక్కడో మందం తగ్గించాడని అర్థం. కొటేషన్‌లోని బరువు అబద్ధమాడలేదు, మందమే మాట మార్చింది.

వరుసలు నాలుగే ఉండాలని మా పట్టుదల. నేల మీద 4 అంగుళాల గట్టు, 8 అంగుళాల పీఠం వేస్తే కింది వరుస మధ్యభాగం 20 అంగుళాల ఎత్తులో, పై వరుస 62 అంగుళాల ఎత్తులో వస్తాయి. పై పేరును నిలబడి చదవవచ్చు. ఐదో వరుస వేస్తే అది 76 అంగుళాలకు పోతుంది. 80 ఏళ్ల ఆవిడ భర్త పేరు చూడ్డానికి మెడ వెనక్కి వంచాలి, 25 పౌండ్ల పలకను పనివాళ్లు నిచ్చెన మీద నుంచి దించాలి. గూటికయ్యే ఖర్చు తగ్గుతుందని ఐదు వరుసలు అంటగట్టే అమ్మకందార్లున్నారు, ఒప్పుకోవద్దు. కింది వరుసనూ మరీ నేలకు ఆనించకూడదు. వాన చినుకులు బురద చిమ్ముతాయి, గడ్డి కోసే యంత్రం తాడు పాలిష్ అంచును గీరేస్తుంది.

రాయి

ఇక్కడ మనవాళ్ల ఊసు తప్పదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచానికంతా తెలిసినదే. నల్లటి రాతిలో బంగారు రంగు చుక్కలు, ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. హోటల్ కౌంటర్‌కి దాన్ని మించిన రాయి లేదు. కొలంబేరియం షట్టర్‌కి మాత్రం మేం సిఫారసు చేయం. ముప్పావు అంగుళం అక్షరాల మధ్య ఆ చుక్కలు కూడా మెరుస్తాయి, దూరం నుంచి ఏది అక్షరమో ఏది చుక్కో తేలదు. అదే రాయిని పైరాయికీ పీఠానికీ వాడితే బ్రహ్మాండంగా ఉంటుంది. కరీంనగర్ టాన్ బ్రౌన్‌దీ ఇదే కథ: గోధుమరంగు మచ్చల మీద చెక్కిన పేరు రంగు నింపితే తప్ప కనిపించదు, ఆ రంగు ఎండకు వెలిసి కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి.

షట్టర్లకు సరైనది మచ్చలేని సన్నపు గుళిక నల్లరాయి. శాండ్‌బ్లాస్టింగ్ చేసిన చోట, అంటే ఇసుక కొట్టి చెక్కిన చోట, తెల్లగా, చుట్టూ నల్లగా ఉంటుంది, రంగు అక్కర్లేదు. వ్యాపారంలో దీన్ని అబ్సల్యూట్ బ్లాక్ అంటారు. ఆ పేరు ఒక్క క్వారీది కాదు. ఖమ్మం, వరంగల్, కుప్పం, కర్ణాటక, తమిళనాడు, ఇంకా చైనా రాళ్లు కూడా అదే పేరు మీద అమ్ముడవుతాయి. భూగర్భశాస్త్రం ప్రకారం ఇవి చాలావరకు గ్రానైటే కావు, డోలరైటో గాబ్రోనో. పనికి అది అడ్డం కాదు. అడ్డమల్లా బూడిదరంగు రాయికి నల్లరంగు పట్టించి అబ్సల్యూట్ బ్లాక్ అని అమ్మడం. తెల్లగుడ్డ మీద ఎసిటోన్ పోసి నమూనాను గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే ఆ రాయి కొన్ని వేసవుల్లో పాలిపోతుంది. కొత్తగా చెక్కిన షట్టర్, పాత షట్టర్ పక్కపక్కన రెండు రంగుల్లో కనిపిస్తాయి.

అమెరికా రాళ్లలో వెర్మాంట్ రాష్ట్రంలోని బారీ బూడిదరంగు సన్నపు గుళిక రాయి, జార్జియాలోని ఎల్బర్టన్ రాయి శ్మశానాలకు ఎప్పటి నుంచో వాడుతున్నవే. మంచు ప్రాంతాల్లో వాటికి మంచి పేరుంది, దగ్గరి నుంచి వస్తాయి కాబట్టి విరిగిన పలక త్వరగా దొరుకుతుంది. తెల్లరాళ్ల జోలికి ఆలోచించి వెళ్లాలి. గోమేదికం ఉన్న తెల్లరాళ్లలో ఇనుము తడికి తుప్పుపట్టి పేరు మీదుగా పసుపు చారలు దిగుతాయి.

ఒప్పందంలో ఏఎస్‌టీఎం సీ615 అని, అంటే గ్రానైట్‌కి ఉన్న అమెరికా నాణ్యతా ప్రమాణం పేరు, రాయించండి. నీటిని పీల్చుకోవడం 0.40 శాతానికి మించకూడదు, నలుగుడు బలం కనీసం 131 మెగాపాస్కల్స్ ఉండాలి. మన ఎగుమతి యూనిట్లకు ఈ పరీక్ష కాగితం కొత్తేమీ కాదు, అడిగితే ఇస్తారు. అడగనివాళ్లకు ఇవ్వరు. స్లాబ్ వెనకాల ఫైబర్ జాలీ అంటించి ఉంటే షట్టర్లకు వద్దని చెప్పండి. ఎక్కువగా బలహీనమైన రాతికే ఆ జాలీ వేస్తారు. వెంట్రుక పగుళ్లు పట్టుకోవడానికి పాత పద్ధతే మంచిది: స్లాబ్ మీద నీళ్లు చల్లి ఆరనివ్వండి. రాయంతా ఆరినా పగులున్న గీత తడిగా నల్లగా నిలిచిపోతుంది.

పైరాయి

లోపలికి నీళ్లు పోయిన కొలంబేరియంలో ముందు చూడాల్సింది పైరాయి. 92 అంగుళాల పొడవు ఒక్క ముక్కగా వస్తే బరువు, ఖర్చు, దెబ్బ తినే భయం అన్నీ ఎక్కువ. అందుకని రెండు ముక్కలు చేసి మధ్యలో సిలికాన్ పూసి పంపుతారు. సిలికాన్ శాశ్వతం కాదు. అది పగిలిన ఏడాది ఎవరూ చూడరు, నీళ్లు నడిమి గోడ మీదుగా పై వరుస గూళ్లలోకి దిగుతాయి. చెక్క పాత్ర ఉబ్బుతుంది, కాగితం లేబుళ్లు చెరిగిపోతాయి. ఒకే ముక్క అడగండి. పైభాగం రెండు వైపులా కొద్దిగా వాలుగా ఉండాలి. కింది అంచున, ముఖానికి బయట, మూడు ఎనిమిదో వంతు అంగుళం లోతున నీళ్లు తెగిపడే గాడి చుట్టూ ఉండాలి. ఈ గాడి లేకపోతే నీరు రాతి అడుగున పాకుతూ వెనక్కొచ్చి షట్టర్ల సందుల్లోకి చేరుతుంది. గాడి కొట్టడానికి మిషన్ మీద పట్టే సమయం చాలా తక్కువ, అయినా వదిలేసే ఫ్యాక్టరీలున్నాయి.

అతుకులకు వాడే సిలికాన్ కూడా చూడాలి. వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, లోహాన్ని తింటుంది. మామూలు చవక రకాల్లోంచి నూనె రాతిలోకి ఇంకి అతుకు వెంబడి నల్లటి అంచు కడుతుంది, అది ఇక పోదు. రాతికి మచ్చ పడదని ఏఎస్‌టీఎం సీ1248 పరీక్ష పాసైన న్యూట్రల్ రకం కావాలి. ముక్కలను కలిపే కడ్డీలు 304 లేదా 316 స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలి. ఇనుప కడ్డీ తుప్పుపట్టి కొన్ని రెట్లు ఉబ్బుతుంది, ఎంత మందం రాయైనా లోపలి నుంచి చీలుస్తుంది. అంటించడానికి మనవాళ్లు అరాల్డైట్ అని పిలుచుకునే ఎపాక్సీ జాతి జిగురు వాడాలి. త్వరగా ఎండుతుందని పాలియెస్టర్ మాస్టిక్ పూస్తే తడీ మంచూ తగిలే చోట వదిలేస్తుంది.

అన్నీ మూసేసి గాలాడకుండా చేయడం కూడా తప్పే. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే నల్లరాతి గూట్లో లోపలి తేమే చెమటలా పడుతుంది. షట్టర్ కింది అంచున సన్నటి సందు వదలాలి, పురుగులు దూరకుండా జాలీ పెట్టాలి.

తలుపులు

13¾ అంగుళాల నల్లరాతి షట్టర్, ఒకటింపావు అంగుళం మందంలో, 25 పౌండ్లు ఉంటుంది. 11 కిలోల పైన. ఊడిపడితే కాలు విరుగుతుంది. కాబట్టి వెనకాల క్లిప్పును జిగురుతో మాత్రమే అంటించిన డిజైన్ ఏదైనా సరే సున్నా మార్కులు. రాతిలో లోపల వెడల్పయ్యే రంధ్రం వేసి అందులో లంగరు దింపిన బిగింపు కావాలి.

బయటికి కనిపించే ఇత్తడి పువ్వుల రకం, అంటే రోజెట్లు, చూడ్డానికి సంప్రదాయంగా ఉంటాయి, ధర తక్కువ. నాలుగు షట్టర్లు కలిసే మూలలో ఒక్క పువ్వు నాలుగింటినీ పట్టుకుంటుంది. చిక్కు ఏమిటంటే, మధ్యలోని ఒక్క గూడు తెరవడానికి నాలుగు పువ్వులు విప్పితే చుట్టూ ఉన్న ఎనిమిది షట్టర్ల మూలలు వదులవుతాయి. జాగ్రత్త లేని మనిషి చేస్తే పక్క పలక జారుతుంది. ఎవరి తలుపు వాళ్లదే, దాచిన బిగింపు, ప్రత్యేకమైన తాళపు బిట్‌తోనే తెరుచుకునేది కొనడం మంచిది. ఆ బిట్లు కనీసం మూడు తీసుకుని ఒకటి ఆఫీసు బీరువాలో పెట్టండి.

లోపల రెండో తలుపు, సన్నటి లోహపు లేదా ప్లాస్టిక్ పలక, స్క్రూలతో బిగించేది ఉందా? ఇది లేని యూనిట్లు చవక. పేరు చెక్కడానికి షట్టర్ వర్క్‌షాప్‌కి వెళ్లిన రోజుల్లో అస్థికలు ఎవరి చేతికైనా అందేట్టు ఉంటాయి. లోపలి తలుపు లేకపోతే కనీసం రెండు ఖాళీ తాత్కాలిక షట్టర్లయినా ఆర్డర్‌లో రాయించాలి.

విడి షట్టర్లు మాత్రం ఎవరి దగ్గర కొన్నా అడిగి తీసుకోండి: 48కి నాలుగు నుంచి ఆరు, అదే బ్లాకులోంచి కోసినవి. పేరు తప్పు చెక్కినా, పలక పగిలినా పదేళ్ల తర్వాత అదే నలుపు, అదే పాలిష్ ఎక్కడా దొరకదు. పలకల మందం తేడా ఒక మిల్లీమీటర్ దాటకూడదు. అద్దంలాంటి ముఖం మీద చెట్టు నీడ ఒక్కో పలకలో ఒక్కోలా విరిగి కనిపిస్తే కళ్లకే తెలుస్తుంది.

పేరు తెలుగులో చెక్కించాలనుకునేవాళ్లకు ఒక మాట. శాండ్‌బ్లాస్టింగ్‌కి రబ్బరు స్టెన్సిల్ కోస్తారు. ముప్పావు అంగుళం ఇంగ్లీషు అక్షరం బాగానే వస్తుంది, అదే ఎత్తులో తెలుగు అక్షరం రాదు. గుండ్రాల మధ్యలో మిగిలే చిన్న రబ్బరు ముక్కలు ఇసుక దెబ్బకు లేచిపోయి సున్నా కాస్తా గుంట అవుతుంది. ఒకటింపావు అంగుళం పెట్టండి, ఒత్తుల కోసం వరుసల మధ్య మరో ముప్పావు వదలండి. అలా అయితే వరుసకు పది అక్షరాలు మించవు, ఇంటిపేరు ఒక వరుస, పేరు ఒక వరుస పడతాయి. స్టెన్సిల్ కోసే పాత సాఫ్ట్‌వేర్లు ఒత్తులను విడగొట్టేస్తాయి. అందుకని టైపు చేసిన అక్షరాలు పంపకుండా గీతలుగా మార్చిన ఫైలు పంపాలి. రబ్బరు కోశాక, ఇసుక కొట్టకముందు, తెలుగు చదవగలిగే మనిషి ఫొటో చూసి ఒప్పుకోవాలి.

నేల

ఇంత బరువైతే నేల దిగబడదా అని అందరూ అడుగుతారు. 90 × 33 అంగుళాల పీఠం మీద 10,200 పౌండ్లంటే చదరపు అడుగుకు 500 పౌండ్ల లోపే. కాంక్రీట్ స్లాబ్ కలిపినా 650 దాటదు. అమెరికా భవన నియమావళి బంకమట్టికే 1,500 దాకా ఒప్పుకుంటుంది. కాబట్టి బరువుతో భయం లేదు. భయమంతా కింద చేరే నీటితో. గడ్డకట్టేటప్పుడు నీరు 9 శాతం ఉబ్బుతుంది, ఒక పక్క ఎక్కువ ఉబ్బితే కట్టడం ఓ పక్కకు ఒరుగుతుంది. చికాగోలో మంచు పట్టే లోతు 42 అంగుళాలు, మిన్నెసోటా ఉత్తర భాగంలో 60. పునాది ఆ లోతుకు దించాలి, లేదా ఇంజనీరు చెప్పినట్టు నీరు నిలవని కంకర పరుపు, డ్రెయిన్ పైపు వేయాలి. 12 అంగుళాల స్లాబ్, అర అంగుళం కడ్డీలు అడుగుకొకటి రెండు దిక్కులా, 4,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలమున్న కాంక్రీట్‌లో 6 శాతం గాలి బుడగలు. ఇది చలి ప్రాంతాల్లో మామూలు లెక్క.

డాలస్ చుట్టుపక్కల మంచు బాధ తక్కువ, బంకమట్టి బాధ ఎక్కువ. అది మన నల్లరేగడి లాంటిదే: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ స్లాబ్ ఒక్కటే వేస్తే రెండు మూడేళ్లలో షట్టర్ల సందులు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా కనిపిస్తాయి. లోతుగా కాంక్రీట్ స్తంభాలు దించి వాటి మీద స్లాబ్ కూర్చోబెట్టాలి.

పీఠం కింద స్లాబ్ ఖచ్చితమైన లెవెల్‌లో ఉండాలి, మొత్తం పొడవున ఎనిమిదో వంతు అంగుళం తేడాయే ఎక్కువ. పీఠం దాటాక బయటికి వాలు ఉండాలి. మేస్త్రీలు ఈ రెంటినీ కలిపేసి స్లాబ్ అంతా వాలు చేసేస్తారు, తర్వాత షిమ్ములు, అంటే ఎత్తు సరిచేసే సన్నటి ముక్కలు, పెట్టి సరిచేస్తారు. షిమ్ము మీద కూర్చున్న పీఠం రాయి పగలడానికి ఒక్క చలికాలం చాలు. స్లాబ్ పోసిన వారంలోపు యూనిట్ దింపనివ్వకండి.

తెప్పించడం, నిలబెట్టడం

భారత్ నుంచి నేరుగా తెప్పించేటప్పుడు ముక్కలుగా వచ్చేది నయం. బిగించి పంపిన యూనిట్ ఓడలో, లారీలో కుదుపులకు అతుకుల దగ్గర వదులవుతుంది, అది బయటికి కనిపించదు. అమెరికాలోనే తయారై ఒక రోజు ప్రయాణంలో వచ్చేదైతే బిగించినది తీసుకోవచ్చు. ముక్కల రకంలో ఫ్యాక్టరీలోనే ఒకసారి మొత్తం నిలబెట్టి, ప్రతి ముక్క మీద నంబరు వేసి, 48 తలుపులూ తెరిచి మూసి వీడియో తీసి పంపాలి. ఇది లేకుండా బ్యాలెన్స్ డబ్బు కట్టవద్దు. చెక్క క్రేట్ల మీద వేడి చికిత్స ముద్ర, ఐఎస్‌పీఎం 15 గుర్తు, లేకపోతే సరుకు రేవులోనే ఆగుతుంది. సుంకాలు ఈమధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి, సరుకు దిగే రోజున సుంకం ఎంతైనా ఎవరు భరించాలో ఒప్పందంలో ఒక వాక్యం ఉండి తీరాలి. 20 అడుగుల కంటెయినర్‌లో ఇలాంటివి మూడు పడతాయి. పక్క ఊరి రెండు చర్చిలతో కలిసి తెప్పిస్తే రవాణా ఖర్చు మూడో వంతుకు వస్తుంది.

క్రేన్ వచ్చే రోజున ఒక్కటే నియమం: దాని కాళ్లు పాత సమాధుల మీద ఆనకూడదు. కింద పెట్టె కుళ్లి బోలుగా ఉంటుంది, కాలు దిగబడితే క్రేన్ ఒరుగుతుంది. శ్మశానం మ్యాపు పట్టుకుని ముందురోజే సున్నంతో గుర్తులు పెట్టించాలి.

నిలబెట్టాక పైపు పెట్టి అరగంట పైనుంచి, పక్కల నుంచి నీళ్లు కొట్టండి. తర్వాత 48 గూళ్లూ తెరిచి చేత్తో తడిమి చూడండి. బిల్లులో పది శాతం ఈ పరీక్ష అయ్యేదాకా ఆపి ఉంచే షరతు ఆర్డర్ రోజునే రాసుకోవాలి. తర్వాత అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

అమ్మకం, వాడకం

కంటి ఎత్తు వరుస గూళ్లు ముందు అయిపోతాయి, కింది వరుస చివరిదాకా మిగులుతుంది. ధర వరుసను బట్టి పెట్టడం అందుకే. కొన్నవారికి వచ్చేది అస్థికలు ఉంచుకునే హక్కు, స్థలం మీద యాజమాన్యం కాదని రసీదులో స్పష్టంగా ఉండాలి. ధరలో కొంత శాశ్వత నిర్వహణ నిధికి వేయాలి. ఎంత అన్నది ఆయా రాష్ట్ర చట్టం చెబుతుంది.

మిగిలిపోయే కింది వరుసకు ఒక ఉపాయం ఉంది. గోదావరిలోనో కృష్ణలోనో కాశీలోనో కలపాలనుకునే తెలుగు కుటుంబాలకు సెలవు దొరికే దాకా అస్థికలు ఉంచడానికి చోటు కావాలి. మన ఊళ్లలో శ్మశానవాటికల దగ్గర లాకర్లున్నట్టే, ఈ గూళ్లను నెలకో ఏడాదికో అద్దెకివ్వవచ్చు. షట్టర్ మీద చెక్కకుండా, తీసి పెట్టే చిన్న ఇత్తడి పేరుపలక చాలు. చర్చి ఆవరణలో దీనికి నియమాలు అడ్డురావచ్చు.

కుంకుమ, పసుపు, నూనె దీపం, కొవ్వొత్తి, ఏదీ నేరుగా పీఠం మీద పెట్టనివ్వకండి. బూడిదరంగు రాయి నూనెను పీల్చి నల్లమచ్చ కడుతుంది, పసుపు అతుకుల్లో నిలిచిపోతుంది. ముందు ఒక విడి రాతి బల్ల వేస్తే ఆ సమస్య తీరుతుంది. కడగడానికి మెత్తటి బ్రష్, నీళ్లు, ఆమ్లం లేని సబ్బు సరిపోతాయి. యాసిడ్ వద్దు, బ్లీచ్ వద్దు, ప్రెషర్ వాషర్ అసలే వద్దు. అతుకుల్లో సిలికాన్‌ను అది ఒక్క పూటలో లేపేస్తుంది.

మార్కులు: పూర్తి గ్రానైట్, ఒకే ముక్క పైరాయి, దాచిన విడి తలుపులు ఉన్నదానికి 5కి 4½. అదే కట్టుబడి రోజెట్లతో, రెండు ముక్కల పైరాయితో వస్తే 2½. జారే బిగింపున్న అల్యూమినియం రకానికి 3½, గూళ్లు వందకు పైగా కావాలంటే 4. కాంక్రీట్ తొడుగు రకానికి ఈ సైజులో 2. ఆరడుగుల సందు తప్ప దారి లేక క్రేన్ రాలేని స్థలమైతే పైన చెప్పిన మార్కులతో పనిలేదు, ముక్కలుగా వచ్చేదే కొనండి. అప్పుడు కూడా 1,900 పౌండ్లుండే పైరాయిని ఎలా ఎక్కిస్తారో ఆర్డర్ ఇచ్చే ముందే ఆ మేస్త్రీని అడగండి.